దొంగ చేతికి పెండ్లి కంకణం

తాండూరులో వింతవస్తువులుంచే అజాయబ్‌ఖానాలో దొంగ చెయ్యి మాయమైంది. దాన్ని కళ్లారా చూద్దామనే డిటెక్టివ్ బీరయ్య పట్నంలో పొద్దుటి రైలెక్కి, వికారాబాదులో చాయ్ కూడా తాగకుండా వచ్చాడు. తీరా వచ్చి చూస్తే అద్దాల పెట్టె ఖాళీ. దాన్ని ఎత్తుకుపోయిందన్న నింద నెత్తిన పడ్డ మనిషి మాత్రం పక్కగదిలో తాళం వెనక ఉంది. ఆ మనిషి హన్మమ్మ, బీరయ్యకు సొంత మేనమామ కూతురు. కబురంపి అతన్ని పిలిపించింది కూడా ఆమే.

‘ఏం రాత ఇది! పదమూడేండ్లకు ఒక్కసారి పిలిచింది. పిలిచిన పూటే చెరలో పడింది’ అనుకున్నాడు బీరయ్య.

ఆ అజాయబ్‌ఖానా సర్కారుది కాదు. కాలం చేసిన పెద్దదొర పిచ్చి అది. కొందరు దొరలు గుర్రాలు కొన్నారు, కొందరు మోటార్లు కొన్నారు. ఈయన మాత్రం చావు సోకిన వస్తువు ఎక్కడైనా ఉందని తెలిస్తే చాలు, కొనేదాకా అన్నం ముట్టేవాడు కాదట. స్పిరిటు జాడీలో రెండు తలల మేకపిల్ల, ఎందరినో ఉరితీసిన తాడు, ఎవరో బేగం దారిలోనే కన్నుమూసిన పల్లకి, గడ్డి కుక్కిన చిరుత, చేతికర్రలు పెట్టుకోవడానికి బోలుగా తొలిచిన ఏనుగు కాలు... ఇదీ వరస. దొర పోయాక కూతురు మనోరమ వాటిని పారేయలేక, ఇంట్లో ఉంచుకోలేక, వేరే బంగళాలో పెట్టి జనానికి తలుపులు తెరిచింది. సంతనాడు గొర్రెలమ్మి, కందులమ్మి జనం అటు తిరిగి కాసేపు భయపడి పోతుంటారు. భయానికున్న గిరాకీ బెల్లానికి లేదు మరి!

అన్నిట్లోకీ జనం ఎగబడేది దొంగ చెయ్యి దగ్గర. నల్లగా ఎండిన కుడిచెయ్యి, మోచేతికి ఇవతల తెగింది. పక్కనే కాపలాదారు బిచ్చయ్య కర్ర పట్టుకుని గొంతెత్తుతాడు. “సూడుండ్రి! జాగీరు ఖజానా దోసిన దొంగ! పెండ్లిపీటల మీదికెల్లి లేపి నరికిండ్రు! కంకణం గూడ ఇప్పనియ్యలే!”

కిందటి సంతకు గొంగళ్లమ్ముకుందామని వచ్చిన హన్మమ్మ ఆ మాట విని పెట్టెలోకి తొంగిచూసింది. చూసి, కెవ్వుమని అరిచి పడిపోయింది. ఆ ఎండిన మణికట్టుకు నల్ల ఉన్ని కంకణం ఉంది. అలాంటిదే హన్మమ్మ ఎడమచేతికీ ఉంది.

కురుమల్లో కొందరు పెండ్లికి పత్తి కంకణం కడతారు, కొందరు ఉన్ని కంకణం కడతారు. హన్మమ్మ వాళ్లది ఉన్ని కంకణం. మూడోనాడు పెండ్లికొడుకు చేతిది పెండ్లికూతురు విప్పాలి, ఆమెది అతను విప్పాలి. నిజాం రాజ్యం పోయిన నలభై ఎనిమిది గడబిడలో హన్మమ్మకు మల్లప్పతో లగ్గమైంది. మూడోనాడు తెల్లారకముందే లారీల్లో తుపాకులవాళ్లు దిగి, గూడెంలో వయసు మగవాళ్లను ఎక్కించుకుపోయారు. ఆ వచ్చినవాళ్లెవరో ఇప్పటికీ తేలలేదు. కొందరు తిరిగొచ్చారు, మల్లప్ప రాలేదు. నాలుగేండ్లు చూసి కులపెద్దలు, “కంకణం మేం ఇప్పుతం, మారుమనువు చేసుకో బిడ్డా” అన్నారు. “ఇప్పెటోడు వస్తడు” అని ఒక్కమాట అని ఊరుకుంది హన్మమ్మ. దారం నలిగినప్పుడల్లా కొత్త ఉన్ని జోడించి పేనుకుంటూ ఈ అరవై ఒకటి దాకా పెండ్లికూతురుగానే ఉండిపోయింది.

ఇక బీరయ్య సంగతి. మేనరికం లెక్కన హన్మమ్మ అతనికి రావలసిన పిల్ల. బీరయ్య వాళ్ల మంద తెగులుకు పోయేసరికి మేనమామ మనసు మారి మల్లప్పకిచ్చాడు. ఆ పెండ్లి చూడలేక, పందిరి వేస్తున్ననాడే బీరయ్య పట్నం దారి పట్టాడు. అక్కడ కూలి చేశాడు, చదువుకున్నాడు, తప్పిపోయిన మనుషుల్ని వెతికిపెట్టే డిటెక్టివయ్యాడు. గొర్రె తప్పిపోతే అడుగుజాడ పట్టుకుని వెతికినవాడికి మనిషి జాడ ఓ లెక్కా? పెండ్లి మాత్రం చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు తీరిక లేదని చెప్పేవాడు.

మనోరమ పక్కగది తాళం తీసింది. నలభై దాటిన మనిషి, సన్నగా, కళ్లద్దాలతో ఉంది. “పావుగంట బీరయ్యా. మా రాజేందరన్న పోలీసులకు కబురు పెడ్తనని తొందర చేస్తుండు. నాకైతే ఈ లొల్లే ఇష్టం లేదు” అంది.

గదిలో బేగం పల్లకి పక్కన నేలమీద కూర్చుని ఉంది హన్మమ్మ. బీరయ్యను చూసి లేవలేదు. “వచ్చినవా బావా” అంది, నిన్ననే చూసినట్టు.

బీరయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. రైల్లో వస్తూ అడగాలనుకున్న మాటలు నూరు ఉన్నాయి. వాటిల్లో ఒక్కటీ అడగలేదు. “చెయ్యి నువ్వు తీసినవా?” అన్నాడు.

“తియ్యలే. తియ్యాలనే వచ్చిన. అబద్ధమెందుకు? కొంగుల సుట్టుకపోయి మట్టి చేద్దామనుకున్న. నేను మెట్లెక్కేటాల్లకే పెట్టె కాలీగున్నది. గా బిచ్చయ్య లబలబ మొత్తుకుంటుండు. నన్ను సూడంగనే గిదే దొంగన్నరు.”

“చెయ్యి మల్లప్పదని ఎట్ల గుర్తువట్టినవ్?”

“మూడు దినాల పెండ్లి బావా. చెయ్యేం గుర్తుంటది? తలెత్తి మొకమే సరిగ సూడలే.” హన్మమ్మ తన మణికట్టు ముందుకు చాపింది. “దారం గుర్తువట్టిన. రెండు కంకణాలకు ఉన్ని నేనే పేనిన. మూడు పోగులు పేనమంది మా అవ్వ. తెగొద్దని నేను నాలుగు పేనిన. సూడు.”

చూడటానికి బీరయ్య ఆ చేతిని పట్టుకోవలసి వచ్చింది. నాలుగు పోగులే. ఆ చెయ్యి మల్లప్పదేనని తేలితే హన్మమ్మ పెండ్లికూతురు కాదు, ముండమోసిన మనిషి. కులంలో మారుమనువుకు అడ్డులేదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

“బావా, ఒక్కటే అడుగుత. నాకు ఓదార్పు మాట వద్దు. సచ్చిండంటే సచ్చిండని చెప్పు, ఇయ్యాలనే ఏడ్సుకుంట. బతికిండంటే బతికిండని చెప్పు. గీ నడిమిట్ల ఉండుడు ఇగ నాతోని కాదు.”

“చెప్త. మా అవ్వ ఎట్లుంది?”

“అత్తకేం, కండ్లే కానొస్తలేవు. జొన్నగటక వోసి, తలాపుకు నీళ్లు వెట్టి వచ్చిన. పొద్దుమీకేటాల్లకు పోవాలె. ఒక్కతే ఉంటది.”

కన్నకొడుకు పట్నంలో ఉంటే, కొడుక్కు దక్కకుండా పోయిన పిల్ల ఇక్కడ ఆ తల్లికి గటక పోస్తోంది. బీరయ్య లేచాడు.

పెట్టెల గదిలోకి వచ్చేసరికి రాజేందర్ ఎదురయ్యాడు. మనోరమకు పెద్దమ్మ కొడుకు. పోలీసు నౌకరి వదిలేసి తనూ డిటెక్టివు బోర్డు కట్టుకున్నాడు. నడుముకు పిస్తోలు ఉంటుంది. అది ఉందని జనం మర్చిపోతారేమోనని మాటిమాటికీ దానిమీద చెయ్యి వేస్తుంటాడు. అతనికీ బీరయ్యకూ పట్నంలోనే పడదు.

“ఏమోయ్ బీరయ్యా! గొర్లకు ఈల వేసినట్టు ఈల వేస్తె దొంగసొత్తు వస్తదా?”

“ఈల వేస్తె వచ్చేటివి గొర్లే రాజేందర్ సాబ్. మనుషులకైతే ఓపిక కావాలె. మీకు అది తక్కువని నౌకరి మానినప్పుడే విన్న.”

రాజేందర్ మొహం కందగడ్డ అయింది. “కేసు ఐపోయింది. తొమ్మిదింటికి తలుపు తెరిచిండ్రు. బిచ్చయ్య కిటికీలు తియ్యనీకి అటు తిరిగిండు. ఈమె తలపిన్నుతోని పెట్టె తాళం తీసి, చెయ్యిని కిటికీలకెల్లి బైటున్న తోడుదొంగకు ఇసిరేసింది. ఇగ ఆ తోడుదొంగ పేరొక్కటి చెప్పియ్యాలె.”

“ఆమె తలకు పిన్ను లేదు. పుట్టినకాడికెల్లి కొప్పు ముడే. మీరు ఆమె మొకం సూసి దొంగ అన్నరు గని తల సూడలే” అంటూ బీరయ్య పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

నాపరాతి దిమ్మెమీద అద్దాల పెట్టె. తాళం చెక్కుచెదరలేదు. చుట్టూ ఉన్న పెట్టెలన్నిటి మీదా వేలు పెడితే గుర్తుపడేంత దుమ్ముంది. ఈ ఒక్కదాని మీద లేదు, ఎవరో తడిగుడ్డతో తుడిచారు. దొంగతనానికి వచ్చినవాడు ఇల్లు ఊడ్చిపోతాడా?

లోపల పరిచిన ముఖమల్ గుడ్డ మీద నూనె మరకల్లాంటి మచ్చలున్నాయి. బీరయ్య గోటితో గీరి చూశాడు, వాసన చూశాడు, అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టాడు. గోటి కొస మీది ముద్ద కరిగి కారింది.

“అమ్మా మనోరమమ్మా, మనిషి చెయ్యి ఎండకు కరుగుతదా?”

మనోరమ దగ్గరికి వచ్చి వంగింది. “ఏందది?”

“మైనం. మీ నాయినగారికి అమ్మినోడు ఎవడో మహా పనోడు. మైనంతోని చెయ్యి పోసి, మసి పూసి అంటగట్టిండు. దాంట్ల మల్లప్ప లేడు, దొంగ లేడు.”

మనోరమ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. “పోతూ పోతూ కూడ నాయిన దాన్నే తలుచుకున్నడు. చెయ్యి జాగ్రత్త బిడ్డా అన్నడు. నయం, ఈ మాట వినకముందే పోయిండు” అంది.

“మైనమైతే ఏంది?” రాజేందర్ గద్దించాడు. “మైనం చెయ్యి ఎత్తుకపోతే దొంగతనం కాదా?”

“అవుతది. కాని ఆమె మొగడు సచ్చిండన్న సాక్ష్యం కాదు. నాకు కావలసింది గదే.” బీరయ్య ముఖమల్ గుడ్డ మడతలోంచి సన్నని నల్ల ఉన్నిపోగులు రెండు ఏరాడు. ఏరి, బిచ్చయ్య వైపు తిరిగాడు. “బిచ్చయ్యా, ఆ కంకణం చెయ్యికి ఎప్పటిసంది ఉన్నది?”

“పె... పెద్దదొర కొన్నకాడికెల్లి సారు. ఇరవై ఏండ్లాయె.”

“ఉన్ని దారం, ఇరవై ఏండ్లు, మూసిన పెట్టెల. పురుగు కొట్టలేదా?”

బిచ్చయ్య చూపు గది మూలకు పోయి వచ్చింది.

“మా ఇండ్లల్ల ముసలోళ్లు ఏమంటరో తెలుసా? కప్పుకున్న గొంగడికి పురుగు పట్టదు, మడిచిన గొంగడికి పురుగు ఆగదు. దండెం మీద ఒక్క వానకాలం వదిలేస్తె జల్లెడ ఐతది. ఈ పోగు సూడు, నిగనిగలాడుతున్నది. మనిషి ఒంటి జిడ్డు తాకుతున్న ఉన్ని ఇది. ఈ కంకణం మొన్న మొన్నటిదాక ఓ బతికున్న మనిషి చేతికుంది. ఆయన ఎవరు?”

రాజేందర్ పకపకా నవ్వాడు. “సబాష్! గొర్రెబొచ్చు చూసి జాతకం చెప్తుండు!”

బీరయ్య ఆ నవ్వును పట్టించుకోలేదు. మంద కాసినవాడికి ఒకటి తెలుసు. తోడేలు ఎటు నక్కిందో కుక్క చూపు చెబుతుంది. తను పెట్టె దగ్గర కూర్చున్నప్పటి నుంచీ బిచ్చయ్య చూపు మూలనున్న ఏనుగు కాలి మీదికి పోతోంది, ఠక్కున వెనక్కి వస్తోంది. బీరయ్య లేచి వెళ్లి, అందులోని చేతికర్రలు పక్కన పెట్టి, భుజం దాకా చెయ్యి దూర్చాడు. బయటికి తీసేసరికి అరచేతిలో మూడు నల్లటి వేళ్లున్నాయి. మనోరమ “అమ్మో” అని గోడకు ఆనుకుంది.

“మిగతాది కూడ దీంట్లనే ఉన్నట్టుంది. ముక్కలు మాత్రమే. కంకణం లేదు. తాళంచెవి ఎవరి మొలతాడుకుంది బిచ్చయ్యా?”

బిచ్చయ్య కర్ర కింద పడేసి, మనోరమ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “దొరసానీ, నా నౌకరి తీసెయ్యకుండ్రి. దొంగతనం చెయ్యలే. ఇరిగినయి, దాసిన, గంతే.”

“మొదటికెల్లి చెప్పు” అన్నాడు బీరయ్య.

“కరణ్‌కోట దిక్కు గనుల రాళ్లు కొట్టే మనిషి సారు. దుమ్ము మింగి మింగి ఛాతి చెడిపోయింది. సంక్రాతి పోయినంక ఒకనాడు వచ్చిండు. ‘నేను దినాలల్ల ఉన్న. గీ కంకణం నా పెండ్లాం ఇప్పాలె, ఆమె లేదు. తెంపుదామంటె నాకు చెయ్యాడదు. చేతికుండంగ సస్తె పానం నిమ్మళంగ పోదు. నీకాడున్నది సచ్చినోని చెయ్యే కద, దానికి తొడుగు’ అన్నడు. ముడి ఇప్పలే సారు. చెయ్యి బక్కచిక్కి పుల్లలెక్క అయింది, దారం దానంతటదే జారి వచ్చింది. నాకూ ఆశ పుట్టింది. ఒట్టి చెయ్యి కన్న కంకణం చెయ్యికి కథ మంచిగుంటది. పెండ్లిపీటలని నేనే కలిపిన.”

“పేరు?”

“మల్లప్ప.”

బతికే ఉన్నాడు! నాలుగు ఆమడల దూరంలో, ఇన్నేండ్లు రాళ్లు కొడుతూ బతికే ఉన్నాడు. బీరయ్య గుండెలో ఒక తలుపు మూసుకుంది, దాని చప్పుడు అతనొక్కడికే వినిపించింది. నిజమే, నొప్పి పుట్టింది. అయినా ముందుకే అడిగాడు. “ఇయ్యాల ఏమైంది?”

“పొద్దున తలుపు తెరవంగనే వచ్చిండు. వికారాబాద్ కొండమీది దవాఖాన్ల మంచం దొరికిందట. రైలెక్కేముందు ఆ దారం ఒక్కపారి సూస్తనన్నడు. నా నోరు ఊకుంటదా సారు? కిందటి సంత ముచ్చట చెప్పిన. ఎవలో ఆడిమనిషి, నీ అసుంటి దారమే చేతికున్నది, సూడంగనే పడిపోయిందన్న. పేరేందన్నడు. హన్మమ్మన్న. నిలబడ్డకాన్నే కూసున్నడు. కొంచెంసేపటికి లేసి నా దారం నాకియ్యి అన్నడు. పెట్టె తీసిన. ముడి ఇప్పకుండ గుంజబోతె వేళ్లు ఇరిగినయి. గంతే సారు, వట్కొని పోయిండు. ఆయన సంత సందులకు తిరిగిండో లేదో, గా హన్మమ్మ మెట్లెక్కి వచ్చింది.”

“ఆయనను ఎనకకు ఎందుకు పిలువలే! ఆమెకెందుకు చెప్పలే!” బీరయ్య గొంతు పగిలింది. “పదమూడేండ్లు ఎదురుచూసిన మనిషిని దొంగని పట్టిచ్చినవ్!”

“నీ పేరు విని భయమైంది సారు.”

“నా పేరా?”

బిచ్చయ్య తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. “పట్టుకోంగనే ఆమె, మా బీరయ్య బావ పట్నంకెల్లి వస్తుండు అన్నది. గదే పేరు మల్లప్ప నోట విన్న. ‘బీరయ్యతోని పట్నం పోయిందన్నరు కద, మరి దారం ఇంక చేతికెట్లున్నది’ అన్నడు. రెండేండ్లు ఎక్కడెక్కడి జైళ్లల్ల ఏసి ఇడిసిండ్రట. వికారాబాద్ టేషన్ల దిగితె, అనంతగిరి జాతరకొచ్చిన ముసలమ్మ కనవడ్డదట. పెండ్లాం ఎట్లున్నదని అడిగిండట. కులపెద్దలు కంకణం ఇప్పి మా పిలగానికిచ్చిండ్రు, పట్నంల కాపురం చేస్తుండ్రు, నువ్వొచ్చి ఆ ఇల్లు కూలగొట్టకు కొడుకా అని కాళ్లు వట్టుకున్నదట. పెండ్లాం సొంత మేనత్త చెప్తె ఎవడు నమ్మడు సారు? అటే మళ్లి గనులకు పోయిండు. గా ముసలామె పేరు జంగమ్మ.”

జంగమ్మ బీరయ్య తల్లి.

మేనరికం పిల్ల చేజారిందని ఆమె ఎన్నిసార్లు ఏడ్చిందో బీరయ్యకు తెలుసు. కొడుకు ఎప్పటికైనా వస్తాడు, పిల్ల ఎప్పటికైనా ఒప్పుకుంటుంది, మల్లప్ప రాకుంటే చాలు. ఆ ఆశతో ఒక్క అబద్ధమాడింది. కొడుకు రాలేదు, పిల్ల ఒప్పుకోలేదు. ముగ్గురి బతుకులూ అక్కడే ఆగిపోయాయి.

“ఇప్పుడు ఎటు పోయిండు?” అడుగుతున్న గొంతు తనదేనా అనిపించింది బీరయ్యకు.

“ముసలిదాన్ని ఒక్కమాట అడిగొస్తనన్నడు. జరసేపటి కిందనే మీ ఊరి మీదికెల్లి పోయే పరిగి బస్సెక్కిండు. సంచి ఈడనే పెట్టిపోయిండు.”

బిచ్చయ్య స్టూలు కింద గుడ్డసంచి ఉంది. బీరయ్య విప్పాడు. దవాఖానకని సర్దుకున్న ధోవతి, కంచం, లోటా, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. అడుగున రాయి చెక్కే ఉలులు నాలుగు ఉన్నాయి. సుత్తె లేదు.

రాజేందర్ భుజం మీంచి తొంగిచూశాడు. నవ్వు మాయమై కళ్లు మెరిశాయి. “ఒక్కమాట అడగనీకి సుత్తె ఎందుకోయ్?”

“రాజేందర్ సాబ్, నేను పోత. ఆ మనిషి నా మాట వింటడు.”

“నీ మాటనా? పెండ్లాన్ని లేపుకపోయినోడివని పదేండ్లు నమ్మినోడు నీ మాట వింటడా?” రాజేందర్ పిస్తోలు మీద చెయ్యి వేసి తలుపు దాటాడు. “దొంగతనం కేసు పోయి ఖూనీ కేసు వచ్చింది, ఇది నాది. నాకు దండం పెట్టుకో, నీ తల్లిని కాపాడబోతున్న. సుత్తె ఎత్తిండంటే మాత్రం కాలుస్త!”

“అన్నా, జీపు తియ్యకు!” మనోరమ అరుస్తూ వెంటపడింది. జీపు అప్పటికే గేటు దాటింది.

బీరయ్య చేతిలో, ఇందాక మనోరమ ఇచ్చిన పక్కగది తాళంచెవి ఉంది. ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. మైనం చెయ్యి, దారం ఎవరిదో తెల్వదు, అని చెబితే సరి. రాజేందర్ గురి తప్పేవాడు కాదు. ఎవరూ తనను అడగరు. ఆ మాట మనసులోకి వచ్చిందంటే వచ్చింది, బీరయ్య దేవుడేం కాదు. కాని నడిమిట్ల ఉండుడు ఇక తనతో కాదన్న మనిషి ఆ తలుపు వెనకే ఉంది. తాళం తీశాడు.

“మల్లప్ప బతికే ఉన్నడు హన్మమ్మా.”

హన్మమ్మ లేవబోయి పల్లకి పట్టుకుని మళ్లీ కూర్చుంది. బీరయ్య అన్నీ చెప్పాడు, ఒక్కటీ దాచలేదు. చెప్పడం అయ్యేసరికి ఆమె చూపు అతని మీద లేదు, గుమ్మంలో నిలబడ్డ బిచ్చయ్య మీద ఉంది.

“ఎట్లున్నడు?” అంది. “నెత్తి నెరిసిందా?”

“గడ్డం నెరిసింది బిడ్డా. బక్కగైండు. దగ్గుతుండు.”

“అప్పటికి మీసం గూడ సరిగ రాలే.” నవ్వబోయింది, నోరు వంకరపోయింది. “నా పేరు చెప్పంగనే కూసున్నడా? నిజంగనేనా? పాత పేరేనని గుర్తువట్టిండా?”

“గుర్తువట్టిండు బిడ్డా. రెండుసార్లు అనిపిచ్చుకున్నడు.”

అప్పుడు తిరిగింది బీరయ్య వైపు. “అత్తనా బావా? గటక వోస్తుంటె రోజు నా చెయ్యి వట్టుకొని గీ కంకణం తడిమేది. తడిమి ఏడ్సేది. నా కోసమే ఏడుస్తుందనుకున్న. కండ్లు తుడిచేదాన్ని.”

“నా కోసం చేసింది. పాపం నాదే.”

“నువ్వు చెయ్యమన్నవా?”

“లేదు.”

“మరి తల దించుకుంటవేంది? లే! ఆమెకు కండ్లు కానరావు. అడుగుల సప్పుడైతె నేనే అనుకొని పిలుస్తది.” హన్మమ్మ కొంగు నడుముకు దోపి అప్పటికే గుమ్మం దాటింది. “ఆయన ఆమెను కొడితె ఆమె పోతది. ఆయన పోతడు. గా పిస్తోలోడు కాలుస్తె నా కండ్లు సూడకముందే పోతడు. పెండ్లినాడు తుపాకులోళ్లు లారెక్కిస్తుంటె పందిరి గుంజ వట్టుకొని ఏడ్సిన. సిన్నపిల్లను, తెలివి లేకపాయె. ఇయ్యాల ఏడ్వ.”

బయట ఎండ మండిపోతోంది. జీపు లేపిన దుమ్ము పరిగి దారి మీద ఇంకా అణగలేదు. బస్సు మళ్లీ పొద్దుమూకే దాకా లేదు. బీరయ్య అటూ ఇటూ చూస్తుండగా, నాపరాళ్లు నింపుకున్న లారీ ఒకటి మలుపు తిరిగి అదే దారిన వేగంగా వస్తోంది. డ్రైవరు ఆపేవాడిలా లేడు.

హన్మమ్మ పరుగెత్తుకుంటూ పోయి రోడ్డు నడుమ రెండు చేతులు చాపి నిలబడింది. “హన్మీ, పక్కకు జరుగు!” అని అరిచాడు బీరయ్య. ఆమె జరగలేదు. లారీ చక్రాలు కీచుమని రోడ్డును గీసుకుంటూ మూరెడు దూరంలో ఆగాయి. పైనున్న రాళ్లు ఒకదాని మీదొకటి జారి ధనధనమన్నాయి.

“సావడానికి నా బండే దొరికిందా నీకు?” డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు.

“సావనీకి కాదన్నా!” బానెట్ మీద చేతులు ఆన్చి, ఊరంతా వినేలా అరిచింది హన్మమ్మ. “నా మొగడు బతికున్నడు! జల్ది పోనియ్యి, నా మొగడు బతికున్నడు!”